బల్లి కుబుసం: పొడి పొరను లాగకూడదు



ఇంట్లో అద్దాల పెట్టెలో పెంచుకునే బల్లికి కుబుసం సరిగా ఊడనప్పుడు దాన్ని ఎలా ఆదుకోవాలి, ఆ సమయంలో ఏ పనులకు దూరంగా ఉండాలి అన్నది ఈ ప్రసంగానికి విషయం. గోడ మీద బల్లి కనబడగానే చీపురు అందుకునే ఇళ్లలో, మీద పడితే పంచాంగం తెరిచి బల్లిపాటు ఫలితం చూసుకునే ఇళ్లలో, అసలు బల్లిని పెంచడమేమిటన్న ప్రశ్న రావడం సహజమే. అయినా అక్వేరియంలో చేపలను పెంచినట్టే, ఒంటి నిండా మచ్చలతో, లావుపాటి తోకతో ఉండే లెపర్డ్ గెకో అనే బల్లిని పెంచేవారు ఇప్పుడు మన పట్టణాల్లోనూ ఉన్నారు. పెంచడం మంచిదా కాదా అన్న చర్చ వేరు. పెంచుతున్న ఇంట్లో ఆ మూగజీవి బాధపడకుండా చూడటం మాత్రం ఆ ఇంటివారి బాధ్యత.

చెప్పదలచిన మాట ఒక్కటే. పొడిగా అతుక్కుపోయిన పొరను ఎప్పుడూ లాగకూడదు. దానికి ముందు తేమ అందించాలి, ఆ తేమ లోపలికి చేరేదాకా ఓపిక పట్టాలి, చేతితో చేసే సాయం అన్నిటికంటే చివరన రావాలి. మిగిలిన ప్రసంగమంతా ఈ మాటకు కారణాలను, దాన్ని ఆచరణలో పెట్టే తీరును వివరిస్తుంది.

ఈ సంగతి మన ప్రాంతానికి పరాయిది కాదని చెప్పడానికి ఒక ఆధారం ఉంది. ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం నుంచి మాడుగుల వైపు వెళ్తే తూర్పు కనుమలు దగ్గర పడతాయి. ఈ కనుమల అడవుల్లోనే, లెపర్డ్ గెకోకు స్వయానా దాయాది అయిన బల్లి ఒకటి తరతరాలుగా బతుకుతోంది. యూబ్లెఫారిస్ అనే ప్రజాతికి చెందిన ఈ బల్లిని చాలాకాలం పాటు ఉత్తరాన ఒడిశా, జార్ఖండ్ ప్రాంతాల్లో ఉండే హార్డ్‌వికీ అనే జాతిగానే లెక్కవేశారు. జీశాన్ మిర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ అనే పరిశోధకులు దాని శరీర లక్షణాలనూ జన్యువులనూ పోల్చి చూసి, ఒడిశాలోని బ్రాహ్మణి నదికి దక్షిణాన ఉన్నది వేరే జాతి అని తేల్చి, 2022లో దానికి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. విశాఖపట్నం పరిసరాల కొండలు దాని నివాసాల్లో ఉన్నాయి. పూర్తిగా రాత్రించరమైన ఈ బల్లి చీకటి పడ్డాక అడవి బాటల వెంట మెల్లగా నడుస్తూ, దారిలోని రాళ్లను నాలుకతో తాకి చూసుకుంటూ వేటాడుతుందని ఆ పరిశోధకులు నమోదు చేశారు. పెంపుడు జంతువుల వ్యాపారం కోసం దాన్ని పట్టుకుపోయే ముప్పు ఉందని కూడా వారే హెచ్చరించారు. ఆ ముప్పు ప్రస్తావన ముందు ముందు మళ్లీ వస్తుంది.

యూబ్లెఫారిస్ ప్రజాతి బల్లులకూ, గోడ మీది మామూలు బల్లికీ ఉన్న తేడాలు కొన్ని ఇక్కడే చెప్పుకోవాలి. గోడ బల్లికి కనురెప్పలు లేవు. కంటి మీద గాజులా పారదర్శకమైన పొర ఉంటుంది, దాన్ని అది నాలుకతో తుడుచుకుంటుంది. లెపర్డ్ గెకోకూ, మన కొండల్లోని పిక్టస్‌కూ మాత్రం మూసి తెరిచే రెప్పలున్నాయి. గోడ బల్లి పాదాల కింద సన్నని నూగు వరుసలుండి గోడకు పట్టు దొరుకుతుంది. వీటికి ఆ నూగు లేదు, గోళ్లే ఉన్నాయి, అందుకే ఇవి నేల మీద తిరిగే జంతువులు. ఈ రెప్పలూ ఈ వేళ్లూ కుబుసం విషయంలో అసలు చిక్కులు తెచ్చే చోట్లు.

బల్లి చర్మం పై భాగంలో కెరటిన్ అనే పదార్థం ఉంటుంది. మనిషి గోళ్లలోనూ జుట్టులోనూ ఉండేది ఈ కోవకు చెందినదే. ఈ పై పొర ఒకసారి గట్టిపడ్డాక ఒంటితోపాటు పెరగదు. అందువల్ల దాని అడుగున కొత్త పొర తయారై, పాతది ఊడిపోవలసి వస్తుంది. కొత్త పొర సిద్ధమయ్యాక రెండు పొరల మధ్యకు శరీరం నుంచి ద్రవం చేరుతుంది, ఆ ద్రవంలోని ఎంజైములు పాత పొరకూ కొత్త పొరకూ ఉన్న అతుకును కరిగిస్తాయి. అప్పుడు బల్లి రంగు తగ్గి, ఒళ్లంతా సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. పాము కుబుసం చాలావరకు ఒకే గొట్టంలా ఊడుతుంది కాని బల్లిది ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. ఎదిగే పిల్ల బల్లులు వారం రెండు వారాలకొకసారి, పెద్దవి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి కుబుసం విడుస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న బల్లి ఈ పనిని ఎవరి సాయమూ లేకుండా ముగిస్తుంది. ముందు మూతిని రాయికి గాని మొద్దుకు గాని రుద్దుతుంది, పెదవి అంచున పొర చీలుతుంది, ఆ చీలిక తల మీదుగా వెనక్కు జరుగుతుంది. తరువాత అది మెడ తిప్పి పొర అంచును నోటితో పట్టి లాగి, కాళ్ల నుంచి తొడుగులు విప్పినట్టు విప్పి, విప్పినదాన్ని అక్కడికక్కడే తినేస్తుంది. గోడ బల్లులు మన కళ్లెదుటే ఏళ్ల తరబడి తిరుగుతున్నా వాటి కుబుసం ఇంట్లో ఎప్పుడో గాని కనబడకపోవడానికి కారణం ఈ తినే అలవాటే. పొరలోని పోషకాలు వృథా పోకుండా తిరిగి ఒంటికి చేర్చుకోవడానికి ఇది ఒక మార్గమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. మొత్తం తంతు కొన్ని గంటల్లో, మహా అయితే ఒక రోజులో పూర్తవుతుంది. ఆ రోజుల్లో బల్లి మేత తగ్గించి, మరుగున దాక్కుంటే కంగారు పడనక్కర్లేదు. బల్లిని చేతిలోకి తీసుకోవడం, ఆడించడం మాత్రం మానాలి.

పొరల మధ్య చేరే ఆ ద్రవం విషయంలోనే చిక్కు మొదలవుతుంది. బల్లి ఒంట్లో నీరు తగ్గినా, చుట్టూ గాలి మరీ పొడిగా ఉన్నా, అతుకు కరిగేలోపే పై పొర ఎండి బిగుసుకుపోతుంది. ఇడ్లీకో గారెకో పొట్టు మినప్పప్పు నానబోసే ప్రతి ఇంట్లోనూ ఈ సూత్రం తెలిసినదే. పొడి పప్పు మీది పొట్టును గోటితో గీరితే పప్పు ముక్క కూడా విరిగి వస్తుంది; అదే పప్పును నాలుగైదు గంటలు నానబెడితే నీరు పొట్టుకూ పప్పుకూ మధ్యకు చేరి, అరచేతుల మధ్య రుద్దగానే పొట్టు తనంతట తాను జారిపోతుంది. బల్లి ఒంటి మీది పొర కూడా అంతే. పొడిగా ఉన్నప్పుడు లాగితే పాత పొరతోపాటు కింద ఇంకా పూర్తిగా గట్టిపడని కొత్త చర్మం చిరుగుతుంది, అక్కడ పుండు పడుతుంది, ఆ పుండు మానాక కూడా తరువాతి కుబుసాలు అదే చోట మళ్లీ అతుక్కుంటాయి. అందుకే మళ్లీ చెప్పవలసి వస్తోంది: పొడి పొరను లాగకూడదు.

ఇక్కడ చోడవరం వంటి చోట ఉండేవారికి ఒక సందేహం రావచ్చు. సముద్రం ఎంతో దూరం లేదు, వానకాలంలో గోడలు చెమరుస్తాయి, అప్పడాలు మెత్తబడతాయి, అలాంటి ఊళ్లో బల్లికి తేమ తక్కువ కావడమేమిటి అని అడగవచ్చు. కారణం గదిలో లేదు, పెట్టెలో ఉంది. గాలి వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి పరిమాణం పెరుగుతుంది. ఆవిరి అంతే ఉండగా పట్టే శక్తి పెరిగితే, మీటరు చూపే తేమ శాతం పడిపోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 70 శాతం తేమ ఉన్న గాలిని, అందులోంచి ఒక్క చుక్క నీరు కూడా తీయకుండా 32 డిగ్రీలకు వేడిచేస్తే, తేమ సుమారు 47 శాతానికి దిగుతుంది. లెపర్డ్ గెకో పెట్టెలో ఒక పక్క వెచ్చదనం కోసం దీపమో హీటరో పెడతారు కనుక ఆ పక్క గాలి గదిలోని గాలి కంటే ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. రాత్రంతా ఏసీ నడిచే గదైతే ఏసీ కూడా గాలిలోని నీటిని పిండేస్తుంది. ఇక సంక్రాంతి ముందు చలి రోజుల్లో గది గాలికే తేమ తగ్గి ఉంటుంది. కాబట్టి ఊరి వాతావరణాన్ని బట్టి అంచనా వేసుకోకుండా, తేమనూ వేడినీ కొలిచే చిన్న మీటరు ఒకటి పెట్టె లోపలే ఉంచుకోవాలి.

లెపర్డ్ గెకోను అమ్మేవారు కొందరు అది ఎడారి జంతువనీ, దానికి నీటితో పనిలేదనీ చెప్పి, ఇసుక పోసిన పెట్టెతో సహా అంటగడతారు. ఇది సగం నిజం. సగం నిజం కావడం వల్లే పూర్తి అబద్ధం కంటే ఎక్కువ హాని చేస్తుంది. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్ల నేలల్లో అది పుట్టిన మాట వాస్తవమే కాని, అక్కడ అది పగలంతా ఎండలో కూర్చోదు. రాతి బండల కింద, బొరియల్లో దాక్కుంటుంది. బయట ఇసుక కాలిపోతున్నా బండ అడుగున మట్టిలో కొంత చెమ్మ మిగిలి ఉంటుంది, కుబుసం విడిచే రోజుల్లో బల్లికి ఆ చెమ్మే ఆధారం. మన కనుమల్లోని పిక్టస్ కూడా పగటి పూట రాళ్ల సందుల్లోనే గడుపుతుంది. అద్దాల పెట్టెలో ఆ బండా లేదు, ఆ బొరియా లేదు. వాటి స్థానంలో ఇంటివారు ఒక చిన్న చెమ్మ గూడు ఏర్పాటు చేయాలి.

ఈ చెమ్మ గూడుకు ఖర్చేమీ ఉండదు. మూత ఉన్న ఐస్‌క్రీం డబ్బా గాని, మిఠాయి దుకాణంలో ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా గాని చాలు. బల్లి ఒళ్లు ముడుచుకుని తిరగగలిగేంత పెద్దదిగా ఉండాలి గాని, గోడలు ఒంటికి తాకనంత విశాలంగా ఉండకూడదు. పక్క గోడకు బల్లి లావు కంటే కొంచెం పెద్ద రంధ్రం కోసి, కోసిన అంచును గరుకు కాగితంతో నున్నగా చేయాలి. ఈ పని మరిచిపోతే కుబుసం బదులు చర్మమే చీరుకుంటుంది. లోపల వంటింట్లో వాడే పేపర్ టవల్‌ను మడతలుగా పరిచి తడపాలి, పిండితే నీరు కారకూడదు, ముట్టుకుంటే చల్లగా చెమ్మ తగలాలి. పాత చీర ముక్కలు, తువ్వాలు ముక్కలు వేయడం చాలామందికి మొదట తోచే ఆలోచన. కాని అంచున ఊడిన దారం బల్లి వేలికి చుట్టుకుంటే దానివల్ల మరో ప్రమాదం. పేపరును రెండు రోజులకొకసారైనా మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఈ డబ్బాను పెట్టెలో వెచ్చని పక్కకు దగ్గరగా ఉంచాలి. వెచ్చదనం ఉంటే డబ్బాలోని నీరు ఆవిరై లోపలి గాలిలో తేమ 70, 80 శాతం దాకా చేరుతుంది. చల్లని మూలన పెడితే అది చలీ చెమ్మా కలిసిన చోటై, బల్లికి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిపెట్టవచ్చు.

డబ్బాలో చెమ్మ మంచిదంటే పెట్టె అంతా తడపాలని కాదు. పెట్టెలో మిగతా చోట్ల తేమ 30 నుంచి 40 శాతం ఉంటే లెపర్డ్ గెకోకు సరిపోతుంది. నేలంతా ఎప్పుడూ తడిగా ఉంటే పొట్ట కింద చర్మం పొక్కి పుండ్లు పడతాయి. పొడి నేల, ఒక చెమ్మ గూడు, పళ్లెంలో రోజూ మార్చే మంచినీరు: ఈ మూడూ ఉన్నప్పుడు ఎటు వెళ్లాలో బల్లికే తెలుసు. క్రెస్టెడ్ గెకో వంటి వాన అడవి జాతులను పెంచేవారికి లెక్క వేరు, వాటి పెట్టెలో రాత్రి వేళ తేమ ఇంతకు రెండింతలు ఉండాలి. వాటి పాదాల కింది పట్టు నూగు మీద పాత పొర మిగిలితే అవి అద్దం ఎక్కలేక జారిపడతాయి.

కుబుసం ముగిసిన మర్నాడు బల్లిని ఒకసారి పరీక్షగా చూడటం మంచి అలవాటు. చూడవలసినవి ముఖ్యంగా వేళ్లు, తోక కొస, కళ్లు. చెవి రంధ్రం అంచున, మలద్వారం దగ్గర కూడా ముక్కలు మిగలవచ్చు. వెన్ను మీద చిన్న ముక్క మిగిలితే పెద్దగా నష్టం లేదు, అది రెండు రోజుల్లో రాలిపోతుంది. వేళ్ల సంగతి అలా కాదు.

లెపర్డ్ గెకో వేలు అగ్గిపుల్ల కంటే సన్నం. దాని చుట్టూ మిగిలిన పొర, మామూలు చూపుకు వేలి రంగులోనే కలిసిపోయి కనబడదు. సెల్‌ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే గోటికి కొంచెం పైన బూడిద రంగు ఉంగరంలా తేలుతుంది. ఈ ఉంగరం ఎండేకొద్దీ కుంచించుకుంటుంది. తరువాతి కుబుసంలో దాని మీదే మరో ఉంగరం చేరుతుంది. అలా రెండు మూడు విడతలు పేరుకుంటే వేలికి రక్తం అందడం తగ్గి, ముందు వేలు ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, చివరికి నల్లబడి ఊడిపోతుంది. నెలల తరబడి మెల్లగా జరిగే ఈ నష్టాన్ని బల్లి అరిచి చెప్పదు. తోక కొసకు కూడా ఇదే గతి పట్టవచ్చు.

ఇంకా ఉబ్బు, ఎరుపు లేకుండా కేవలం పొర మిగిలి ఉన్న దశలో ఇంట్లోనే సాయం చేయవచ్చు. వెడల్పాటి, మూతకు గాలి రంధ్రాలున్న డబ్బాలో గోరువెచ్చని నీరు పోయాలి. నీటి లోతు బల్లి పాదాలు మునిగి పొట్టకు తగిలేంత ఉంటే చాలు. తల ఎత్తి నిలబడవలసిన అవసరం దానికి రాకూడదు. వేడి 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేనప్పుడు మణికట్టు లోపలి వైపు నీళ్లు పోసుకుంటే వేడిగానూ చల్లగానూ అనిపించని స్థితి కోసం చూడాలి. మనిషి స్నానానికి హాయిగా ఉండే వేడి, బల్లికి ప్రాణాంతకం కావచ్చు. పదిహేను, ఇరవై నిమిషాలు అలా ఉంచాలి, అంతసేపూ ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ఫోన్ మోగిందని లేచి వెళ్లే పని కాదు ఇది.

ఆ తరువాతే చేతి సాయం. బల్లిని అరచేతిలో పడుకోబెట్టి, ఇయర్ బడ్ కొసను అదే నీటిలో తడిపి, వేలి మొదలు నుంచి గోటి వైపు మెల్లగా దొర్లించాలి. వచ్చే పొర ఆ దొర్లింపుకే ముడుచుకుని వస్తుంది. రాకపోతే అక్కడితో ఆపి, బల్లిని చెమ్మ గూడులో విడిచి, మర్నాడు మళ్లీ నానబెట్టాలి. ట్వీజర్లు, గోళ్లు, బ్లేడు, సూది, వీటిలో ఏదీ దగ్గరకు రాకూడదు. పట్టు కోసం తోకను అసలు పట్టుకోకూడదు. భయపడిన బల్లి తోకను తెంచుకుంటుంది, లెపర్డ్ గెకో కొవ్వునంతా దాచుకునేది ఆ తోకలోనే కనుక అది పోగొట్టుకున్న బల్లి బలం పుంజుకోవడానికి చాలాకాలం పడుతుంది. మళ్లీ మొలిచిన తోక పొట్టిగా, ఉబ్బుగా ఉంటుంది, ముందున్న అందం దానికి రాదు.

కంటి విషయంలో ఇంటి వైద్యానికి హద్దు ఇంకా ముందే వస్తుంది. రెప్పలున్న బల్లి కనుక, రెప్ప లోపలి అంచున ఊడని పొర ముక్క కంటికీ రెప్పకూ మధ్య చిక్కుకుపోతుంది. బల్లి ఆ కన్ను మూసే ఉంచుతుంది, మాటిమాటికీ రాయికి రుద్దుకుంటుంది, ఎర కదులుతున్నా గురి చూడలేక వదిలేస్తుంది. ఇంటివారు దాన్ని నిద్ర అనుకుంటారు, అలక అనుకుంటారు, మేత నచ్చలేదనుకుని పురుగులను మారుస్తారు. ఒక రోజు దాటి కన్ను మూసి ఉంటే అది నిద్ర కాదు. శుభ్రమైన సెలైన్ చుక్క ఒకటి రెండు కంటి మీద వేసి తేమ అందించడం వరకే ఇంట్లో చేయదగినది. ముక్కను తీయడం వైద్యుడి పని. మందుల షాపులో మనుషుల కోసం అమ్మే కంటి చుక్కలు వేయడం ప్రమాదం. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది, కంటి మీద గీతో పుండో ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే గాయం మానకపోగా ముదురుతుంది.

మన ఇళ్లలో చర్మానికి ఏం జరిగినా ముందు గుర్తొచ్చేది కొబ్బరి నూనె, ఆ తరువాత పసుపు. ఆ నమ్మకం వెనుక మనుషుల విషయంలో ఎంతో అనుభవం ఉంది, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. బల్లి విషయంలో మాత్రం ఆ రెండూ పనికిరావు. ఊడని పొరకు కావలసింది నీరు. నూనె రాస్తే ఆ నీరు లోపలికి దిగే దారి మూసుకుంటుంది, దానికి దుమ్మూ పెట్టెలోని పొడీ అతుక్కుంటాయి, బల్లి దాన్ని నాకుతుంది, ముక్కు రంధ్రాల దగ్గర పేరుకుంటే ఊపిరికి అడ్డమవుతుంది. వ్యాజిలీన్, డెటాల్, షాంపూ కూడా అంతే. ఉత్త నీరే మందు.

ఒకసారి కుబుసం సరిగా ఊడకపోతే తేమ లోపం అనుకోవచ్చు. చెమ్మ గూడు పెట్టాక కూడా వరసగా అదే జరుగుతుంటే కారణం పెట్టెలో కాక బల్లి ఒంట్లో ఉందని అనుమానించాలి. చర్మం మీద నల్లగా ఎర్రగా చుక్కల్లా కదిలే పురుగులుండవచ్చు, పాత కాలిన మచ్చలుండవచ్చు, వేడి చాలక జీర్ణశక్తి మందగించి ఉండవచ్చు. వీటితోపాటు తరచుగా చెప్పుకోవలసింది ఎ విటమిన్ లోపం. కళ్లను, చర్మాన్ని తడిగా ఆరోగ్యంగా ఉంచే కణాలకు ఈ విటమిన్ అవసరం. అది తగ్గితే ఆ కణాలు మందంగా, పొడిగా మారి పొరలు పేరుకుంటాయి. దుకాణంలో కొన్న చిమ్మెటలను తెచ్చిన వెంటనే బల్లి ముందు వదిలితే, ఆకలితో ఎండిపోయిన ఆ పురుగుల ద్వారా బల్లికి చేరే పోషణ అంతంత మాత్రమే. ఒకటి రెండు రోజులు వాటికి క్యారెట్, తోటకూర, మునగాకు వంటివి మేపి, ఆ తరువాత కాల్షియం పొడి చల్లి పెట్టడం మేలు. అయితే పురుగులు తినే జంతువులు క్యారెట్‌లోని రంగు పదార్థం నుంచి ఎ విటమిన్‌ను ఎంతవరకు తయారు చేసుకోగలవన్నది జాతిని బట్టి మారుతుంది కాబట్టి, సరీసృపాల కోసమే తయారైన విటమిన్ పొడిని డబ్బా మీద రాసిన మోతాదులోనే వాడాలి. మంచిదే కదా అని పిల్లలకు వేసే విటమిన్ చుక్కలను బల్లి నోట్లో పోయకూడదు. ఎ విటమిన్ ఎక్కువైతే కూడా చర్మం పొరలుగా లేచిపోతుంది, అప్పుడు జబ్బుకూ మందుకూ తేడా పోతుంది.

ఇంటి మనుషుల ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. బల్లి పడిన కూర విషమైపోతుందన్న భయం మన దగ్గర పాతది. బల్లి ఒంట్లో విషం లేదు, కాని బల్లులూ తాబేళ్లూ వంటి సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా జబ్బు లక్షణాలేమీ లేకుండానే ఉండవచ్చు. అది మనిషి కడుపులోకి చేరితే విరేచనాలు, జ్వరం వస్తాయి, పసిపిల్లలకూ ముసలివారికీ మరింత ప్రమాదం. అందువల్ల బల్లిని నానబెట్టే డబ్బా వంటింటి గిన్నెల్లో కలవకూడదు, ఆ నీరు వంటింటి సింకులో పారబోయకూడదు, బల్లిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బల్లి బయటపడి వంటింట్లో తిరగకుండా పెట్టెకు మూత గట్టిగా ఉండటం కూడా ఈ జాగ్రత్తల్లోకే వస్తుంది.

ఇంతకుముందు ప్రస్తావించిన పిక్టస్ విషయానికి మళ్లీ రావాలి. చెరకు తోట గట్టున గాని, కొండ దారిలో టార్చి వెలుగులో గాని పసుపు, గోధుమ రంగు పట్టీలతో మందపాటి తోక ఉన్న బల్లి కనబడితే, అది దుకాణంలో చూసిన లెపర్డ్ గెకోలాగే ఉందని ఇంటికి తేవాలన్న కోరిక కొందరికి కలగవచ్చు. విషజంతువని భయపడి కర్ర అందుకునేవారూ ఉంటారు. రెండూ తప్పే. ఈ జాతి వ్యాప్తి ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని అడవులకే పరిమితం, దాని అడవులు చిన్నబోతున్నాయి. వన్యప్రాణులను పట్టుకోవడం, ఉంచుకోవడం విషయంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కఠినంగా ఉంది, 2022లో చేసిన సవరణ దాన్ని ఇంకా విస్తరించింది. దుకాణంలో కొనే బల్లి విషయంలో కూడా, అది పెంపకంలో పుట్టినదేనా అని అడిగి, రశీదు తీసుకుని, అనుమానం ఉంటే అటవీ శాఖ అధికారులను సంప్రదించి గాని ఇంటికి తేకూడదు. అడవి నుంచి పట్టి తెచ్చిన బల్లి తరచుగా పురుగులతో, బెదురుతో, నీటి లోపంతో వస్తుంది; అలాంటిదానికి మొదటి కుబుసమే గండమవుతుంది.

చివరగా వైద్యుడి సంగతి. మండలాల్లోని పశువైద్యశాలలకు ఆవులు, గేదెలు, మేకలు, కోళ్లే ఎక్కువగా వస్తాయి. బల్లిని తీసుకెళ్తే అక్కడ నవ్వేవారు ఉండవచ్చు. ఆ నవ్వుకు వెనుకాడి ఇంట్లోనే ఉండిపోవడం కంటే, ముందుగా ఫోన్ చేసి సరీసృపాలను చూసే వైద్యుడెవరో కనుక్కుని వెళ్లడం నయం. విశాఖపట్నంలో పెంపుడు జంతువుల వైద్యులున్నారు, విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. వేలు ఉబ్బినా, ఎర్రబడినా, నల్లబడినా ఆలస్యం చేయకూడదు. కన్ను ఒక రోజు దాటి మూసి ఉన్నా, రెండు మూడు రోజులు వరసగా నానబెట్టాక కూడా పొర కదలకపోయినా, చర్మం చిరిగి తడి కనబడినా ఇంటి ప్రయత్నం ఆపాలి. వెళ్లేటప్పుడు ఊడిన పొర ముక్కలను చిన్న డబ్బాలో వేసుకుని, పెట్టె ఫొటో ఒకటి, మీటరు చూపిన వేడి, తేమ అంకెలు, వేస్తున్న మేత, పొడుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. జబ్బు కారణం వైద్యుడికి బల్లి ఒంటి మీద కంటే ఆ కాగితంలోనే త్వరగా దొరకవచ్చు.